దోమకు ఒక అణా

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక మా నస్పూర్‌లో కుర్రాళ్లు ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించారు. మలేరియా రహస్యం కనిపెట్టింది నిజానికి హుస్సేన్ ఖాన్ అనే ముసల్మాన్ అట, నోబెల్ ఇనాం మాత్రం అంగ్రేజు డాక్టర్ కొట్టేశాడట. సుబ్‌హానల్లాహ్ అంటూ అందరికీ పంపేస్తున్నారు. నాకు ఈ ఫఖర్ నచ్చలేదు.

జరిగింది వేరు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే ఫౌజు డాక్టర్, మలేరియా మరీజ్ అయిన హుస్సేన్ ఖాన్‌ను దోమలతో కుట్టించాడు. దోమకు ఒక అణా. 20వ తేదీన వాటిలో ఒక దోమను కోస్తే దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కనబడింది. ఖూన్ హుస్సేన్ ఖాన్‌ది. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంఖా కూడా లేకుండా ఉక్కపోతలో మైక్రోస్కోపు మీద వంగిన మెహనత్ రాస్‌ది. 1902లో ఆయనకు నోబెల్ రావడంలో బేఇన్సాఫీ ఏమీ లేదు. అబద్ధం కలిపితేనే మనవాడికి ఇజ్జత్ దక్కుతుందా? ఆ అణాల లెక్కతో సహా ఉన్నదున్నట్టు చెబితే చాలదా?

నా షికాయత్ ఇంకోచోట ఉంది. 1899లో రాస్ ఆఫ్రికాలోని ఫ్రీటౌన్ వెళ్లాడు. అక్కడా దోమల జాడ పట్టి, నీళ్లు నిలిచే గుంతలు లేకుండా చేయాలన్నాడు. 1904కల్లా అక్కడి అంగ్రేజు సర్కార్ ఏం చేసింది? గోరా సాహెబుల కోసం గుట్ట మీద వేరే బస్తీ కట్టి రైలు వేసింది. ఊరి జనం కింద దోమల మధ్యే ఉండిపోయారు. ఇల్మ్ ఒక్కటే, అది ఎవరి జాన్ కాపాడాలన్నదే సవాల్.

మా గల్లీలో పారిపోవడానికి గుట్ట లేదు. నల్లా రోజూ రాదు కాబట్టి ఇంటింటి ముందూ డ్రమ్ములు, సగం వాటికి మూతల్లేవు. మోరీ నీళ్లే పాడు అనుకుంటాం గానీ మలేరియా దోమకు శుభ్రమైన నీళ్లే ఇష్టం. పోయిన బర్సాత్‌లో మా ఖాలా కొడుకు మూడు రోజులు వణికాడు, ఖూన్ టెస్టులో మలేరియా అని తేలింది. వాళ్ల గోడ పక్కన మూత లేకుండా ఉన్న డ్రమ్ము మాదే. ఖాలాకు ఈ మాట ఇంతవరకు చెప్పలేదు.

గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. హుస్సేన్ ఖాన్ పేరు మీద ఈ ఇత్వార్ పొద్దున గల్లీలో డ్రమ్ములన్నీ ఒంపి కడుగుదాం రమ్మన్నాను. ఇద్దరు వస్తామన్నారు. మిగతావాళ్లు మెసేజ్ పంపుకుంటూ పోయారు.