బ్యాగులు సరే, పంతులేడి?

జూన్ వస్తే చాలు, గూడేలకి కార్లు ఎక్కొస్తాయి. బ్యాగులు, నోటుబుక్కులు, పెన్నులు. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటో తీసుకుంటారు, పొద్దుగూకేలోపు దిగిపోతారు. వాళ్ల మనసు మంచిదే, ఇచ్చినవి తీసుకుందాం. కానీ ఆ నోటుబుక్కులో అక్షరం దిద్దించే మనిషి సంగతి ఎవరూ ఎత్తరేం?

2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చింది. అదేం దయాధర్మం కాదు. మైదానం నుంచి వేసిన టీచర్లు బడికి రావడం లేదని ప్రభుత్వమే ఒప్పుకుని తెచ్చిన జీవో అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. లాక్‌డౌన్‌లో మనం రోడ్డెక్కలేని రోజులవి. అప్పటికే ఉద్యోగంలో ఉన్నోళ్లని తీసేయలేదు, నిజమే. మరి వాళ్లు రిటైరయ్యాక? డీఎడ్ చేసి, టెట్ పాసై కూర్చున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్ల గతేంటి?

'మెరిట్ ఉన్న టీచరొస్తే మీ పిల్లలకే మంచిది కదా' అంటారు కొందరు. మెరిట్ గురించే మాట్లాడదాం. కోయ పిల్లకి నీళ్లంటే ఏర్. తెలుగు టీచరుకి ఏరంటే వాగు. దాహమేసి ఏర్ అడిగిన పిల్ల వాగు దగ్గరికి పోతానంటోందని కసిరి కూర్చోబెట్టే మనిషికి డీఎస్సీలో ఎన్ని మార్కులొస్తే ఏం లాభం? ఆ పిల్లకి బడంటే భయం అక్కడే పుడుతుంది. రికార్డులో మాత్రం 'డ్రాపౌట్' అని రాస్తారు, తప్పంతా పిల్లదే అన్నట్టు.

ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి భాషల్లో వాచకాలు కూడా అచ్చేశారు. వాచకం తనంతట తాను పాఠం చెప్పదు కదా! ఆ భాష వచ్చిన నోరు కావాలి.

అందుకే మన డిమాండ్ సూటిగా ఉండాలి. స్థానిక ఆదివాసీలకి పోస్టులు దక్కేలా ప్రభుత్వాలు చట్టబద్ధమైన దారి వెతకాలి. అది తేలేదాకా కూడా ఆగక్కర్లేదు. ఏజెన్సీలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే టీచరుకి ఆ గూడెం భాష రావడం తప్పనిసరి అర్హతగా పెట్టాలి. ఇంగ్లీషు టీచరుకి ఇంగ్లీషు రావాలనడం రిజర్వేషన్ అవుతుందా? ఇదీ అంతే.

గ్రామసభల్లో తీర్మానాలు చేద్దాం. కాపీలు ఐటీడీఏకి మాత్రమే ఇచ్చి ఊరుకోవద్దు, మన ఎమ్మెల్యేల చేతిలో పెడదాం. గిరిజన సలహా మండలిలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలని ఐదో షెడ్యూల్ చెబుతోంది. ఓటుకి మన గూడెం గుర్తొచ్చే ఆ అన్నలు, అక్కలు వచ్చే సమావేశం ఎజెండాలో ఈ విషయం పెట్టిస్తారా లేదా, అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.