ఇష్టాన్ని కొలిచే ప్రశ్నలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మరునాడు మన ఇళ్ళలో వినబడే ప్రశ్న ఒక్కటే: "ఎంపీసీయా, బైపీసీయా?" పిల్లలకేది ఇష్టమో అడిగేవారు అరుదు. అడిగినా, ఆ అడగడంలోనే జవాబు ఇమిడి ఉంటుంది. అందుకే కొన్నాళ్ళ క్రితం, ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఒక మిత్రుడూ నేనూ కలిసి, వృత్తుల పట్ల అభిరుచిని తెలిపే ప్రశ్నావళి ఒకటి తెలుగులో తయారు చేయబూనాం.

ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది. 1927లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్ట్రాంగ్ 400కు పైగా అంశాలతో ఒక ప్రశ్నావళి వెలువరించారు. వృత్తులు, పాఠ్యాంశాలు, వినోదాలు, మనుషుల తీరుతెన్నులు పేర్కొని, ఒక్కొక్కటీ ఇష్టమో, అయిష్టమో, ఏదీ కాదో గుర్తు పెట్టమన్నారు. ఒక వృత్తిలో స్థిరపడినవారి జవాబులు తక్కినవారి జవాబులకు ఎక్కడ భిన్నంగా ఉన్నాయో చూసి, ఆ తేడాలను బట్టే మార్కులు వేశారు. తప్పొప్పుల ఊసే లేదు, ఉన్నది పోలిక మాత్రమే. ఆ తరువాత జాన్ హాలెండ్ అభిరుచులను ఆరు తరగతులుగా విభజించారు. మేము పట్టుకున్నది ఆయన దారినే: తరగతికి పది చొప్పున 60 ప్రశ్నలు.

(అన్నట్టు, హాలెండ్ వారి 'కన్వెన్షనల్'ను 'సంప్రదాయ' అని అనువదిస్తే పిల్లలు పూజలూ వ్రతాలూ అనుకున్నారు. 'లెక్కాపత్రాల పని' అన్నాక గానీ దారిలో పడలేదు.)

మొదటి పరీక్షలోనే మా ప్రశ్నల బండారం బయటపడింది. 'ప్రయోగశాలలో పరిశోధన చేయడం' దాదాపు అందరికీ ఇష్టమే! అందరూ ఒకేలా జవాబిచ్చే ప్రశ్న ఎవరినీ వేరుచేసి చూపదు, కొట్టివేశాం. 'చెడిపోయిన యంత్రాన్ని విప్పి బాగుచేయడం' దగ్గర ఆడపిల్లలంతా 'అయిష్టం' అన్నారు. మిత్రుడికది ముచ్చటగా తోచింది. "చూశావా, ఎంత స్పష్టంగా విడదీస్తోందో!" అన్నాడు. నాకు అనుమానం తీరక ఒక అమ్మాయిని అడిగాను. "మా ఇంట్లో మోటారు దగ్గరికి నన్ను రానివ్వరు సార్" అంది.

చేసే అవకాశమే లేనిదాని మీద ఇష్టాయిష్టాలు అడగడం అన్యాయమని నా అభిప్రాయం. అక్కడ మనం కొలుస్తున్నది పిల్ల మనసును కాదు, ఇంటి కట్టుబాటును. స్ట్రాంగ్ ప్రశ్నావళికీ ఈ చిక్కు తప్పలేదు. స్త్రీలకు 1933లో వేరే పత్రం వచ్చింది. రెండూ ఒక్కటి కావడానికి 1974 దాకా పట్టింది.

ఆ ప్రశ్నను మార్చి, 'కుట్టుమిషనులో దారం మాటిమాటికీ తెగుతుంటే కారణం వెదికి సరిచేయడం' అని రాశాం. అదే అమ్మాయి ఈసారి 'ఇష్టం' దగ్గర గట్టిగా గీత గీసింది. ప్రశ్న మారింది గనుక పాత జవాబులు పనికిరావు. మళ్ళీ అందరినీ అడగాలి, కొన్ని వారాలాగి మరోసారి అడిగి, జవాబులు నిలుస్తున్నాయో లేదో చూడాలి.

అంతలో ప్రవేశాల గడువు రానే వచ్చింది. అమ్మాయి తండ్రి వచ్చి, "ఏం తేలిందండీ?" అన్నారు. ఇంకా పరీక్షలోనే ఉంది, దీన్ని నమ్ముకుని నిర్ణయించవద్దని చెప్పాను. మనసొప్పక, యంత్రాల పని మీద మక్కువ ఉన్నట్టుందని కూడా అన్నాను.

"కుట్టుమిషనుకి కాలేజీ ఎందుకండీ!" అని నవ్వి, బైపీసీలో చేర్పించారు.