ఆపరేషను తరువాత మగ్గమెక్కుటకు తొందర వలదు



మన సంఘములో ఒక సోదరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ఆపరేషను జరిగినది. ఆమె ఇల్లు చేరిన మూడవ వారముననే మేము పడుగు పంపితిమి. సహాయము చేయుచున్నామనియే తలచితిమి. ఆమెయు కాదనక గుంట మగ్గమున కూర్చున్నది. నెల తిరుగకముందే నొప్పితో మరల ఆసుపత్రికి పోవలసి వచ్చినది. తప్పు ఆమెది కాదు. అడుగక పని పంపిన మాది. అందుచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బెంగుళూరులో క్యాన్సరు వైద్యమునకు 1973లో వెలసిన కిద్వాయి సంస్థ గలదు. అనంతపురము, చిత్తూరు వైపు నుండి సైతము మనవారు అచటికి వచ్చుచున్నారు. ఎచట చేయించుకొన్నను ఆపరేషను డాక్టర్ల పని. తరువాతి సంరక్షణ ఇంటివారి పని.

గర్భాశయము తీసివేసిన పిమ్మట సాధారణముగా 6 వారముల వరకు బిందెలు, నూలు మూటలు ఎత్తరాదు. శోషరస గ్రంథులు కూడ తీసినచో కాలు వాయవచ్చును. అది నెలలకు, ఏండ్లకు సైతము రావచ్చును. అట్టివారు గుంటలోనికి కాళ్ళు వ్రేలాడవేసి గంటల తరబడి కూర్చుండరాదు. నడుమ నడుమ లేచి నడువవలెను. అండాశయములు తీసినవారికి ఒంటినుండి ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు కలుగవచ్చును. అది స్వభావదోషము కాదని ఇంటిల్లిపాది ఎరుగవలెను.

క్యాన్సరు అంటువ్యాధి కాదు. కంచము, పక్క వేరు చేయుట అన్యాయము. దాంపత్య విషయమున ఎప్పుడు, ఎట్లు అనునది భర్తయే డాక్టరునడుగుట మేలు. ఆమె సిగ్గుచే అడుగలేకపోవచ్చును.

రక్తస్రావము, జ్వరము, దుర్వాసనతో స్రావము, ఒక కాలు హఠాత్తుగా వాచుట కనిపించిన ఆనాడే ఆసుపత్రికి పోవలెను. మొదటి 2 సంవత్సరములు 3 మొదలు 6 నెలలకొకసారి పరీక్ష సామాన్యముగా ఉండును. బాగుగానే యున్నానని మానరాదు.

కూలి పోవునే యని కొందరందురు. నిజమే. కాని రెండవసారి ఆసుపత్రి పాలైనచో పోవునది అంతకు ఎక్కువ.

కావున ఇకమీదట డాక్టరు అనుమతి లేనిదే మేము అట్టి సోదరికి పడుగు పంపము. అనుమతించిన తరువాత కూడ మొదట కండెలు చుట్టు పనియే ఇచ్చెదము. బాకీకై తొందరపెట్టము. డిశ్చార్జి నాడు కన్నడమో, ఇంగ్లీషో అర్థము కానిచో ముందుగా మాకు చెప్పుడు. రెండు భాషలు తెలిసినవారిని వెంట పంపెదము. ఇంటినుండి ఒకరైనను ఆనాడు అచటనుండి అన్నియు విని రావలెనని మా విన్నపము.