మోకాలు వంగని బొమ్మ

ఇచ్చిన వస్తువును ఇచ్చినట్లే యుంచుకొనుట మంచి బాలుర లక్షణమని పెద్దలు తలంతురు. ముప్పది యేండ్లకు పైగా ఉపాధ్యాయవృత్తిలో నుండిన నేనును అట్లే తలంచితిని. గత వేసవిలో మా యింట జరిగిన యొక చిన్న తగవు నా యభిప్రాయమును మార్చినది.

నా కుమారుడు ఉద్యోగకార్యముపై జపాను దేశమునకు వెళ్లి, తిరిగి వచ్చునపుడు తన కుమారునికై ప్లాస్టిక్ మరబొమ్మ పెట్టె నొకటి తెచ్చెను. బొమ్మ పేరు గండమ్. మన భాషలో ఆ పేరు విన్నవారు ఉలికిపడుదురు గాని, అది 1979లో జపాను టెలివిజనులో ప్రదర్శింపబడిన కథలోని యంత్రవీరుని పేరు. బాండాయ్ అను సంస్థ 1980 జూలైలో ఆ వీరుని బొమ్మను విడిభాగములుగా అమ్మ నారంభించెను. వెల 300 యెన్లు. కథలో వీరుని యెత్తు 18 మీటర్లు; బొమ్మ అందులో 144వ వంతు, అనగా 12.5 సెంటీమీటర్లు.

ఆ తొలి బొమ్మను జిగురుతో అతికింపవలసి యుండెను. దాని తొడ ముందుకు వెనుకకు ఊగునే గాని ప్రక్కకు జరుగదు. అందులకు జపాను బాలురు ఊరకుండిరా? కీళ్లను కోసి క్రొత్తవి అమర్చుకొనిరి. అట్లు సంస్కరింపబడిన బొమ్మలతో హాబీ జపాన్ పత్రికవారు 1981లో ప్రత్యేక సంచికనే వెలువరించిరి. తరువాతి కాలమున ఆ సంస్థయే బంతివంటి కీళ్లను, మోకాలికి రెండేసి మడతలను ఏర్పరచెను.

నా మనుమనికి వచ్చినది ఇటీవలి నమూనా. జిగురక్కరలేదు; చట్రమునుండి భాగములను కత్తిరించి ఒకదానిలో నొకటి నొక్కిన చాలును. వాడు కాగితములోని సూచనల ప్రకారము రెండు దినములలో దానిని నిలువబెట్టెను. పిమ్మట డాలు పట్టుకొని మోకరిల్లినట్లు కూర్చుండబెట్ట జూచెను. తొడ పైకి లేవలేదు. నడుమునకు ముందు వ్రేలాడు కవచపు పలకలు రెండును సన్నని పుల్లతో కలిసియుండుటచే, ఒకటి లేచినచో రెండవదియు లేచి అడ్డుపడుచుండెను. మనుమడు ఆ పుల్లను నడిమికి కోసెను. మోకాలి వెనుక ఒరసికొను భాగమును గరుకు కాగితముతో అరగదీసెను. బాలబాలికలారా, పదునైన కత్తి పట్టునపుడు పెద్దవారొకరు దగ్గర నుండవలెను. వాడు ఆ నియమము పాటింపలేదు, అందులకు మందలించితిని. ఇంతలో పలుమారులు ఊడదీసి తొడుగుటచే తుంటి కీలు వదులై, కాలు వ్రేలాడెను. సరిగా అప్పుడే తండ్రి వచ్చెను.

"వేలు పోసి తెచ్చిన బొమ్మను కోసి పాడుచేసితివి!" అని వాడు కోపించెను. తీర్పు నాయొద్దకు వచ్చెను.

నాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఒకప్పుడు చేతిపని తరగతిలో అట్టతో హనుమంతుని బొమ్మను కత్తిరించి అతికింపుడని చెప్పితిని. ఒక బాలుడు భుజమును, మోచేతిని వేరుగా కత్తిరించి, రంధ్రములు పొడిచి, దారపు ముడులతో కలిపెను. వాని యూరికి తోలుబొమ్మలాటవారు వచ్చెడివారు. తోలుబొమ్మల చేతులు ఊగునది అట్టి ముడులవలననే. వాని హనుమంతుడు గద నెత్తెను. నేను "మాదిరి ప్రకారము లేదు" అని మార్కులు తగ్గించితిని. మరుసటి వారము వాడు అందరివలెనే కదలని బొమ్మను తెచ్చెను. దానికి పూర్తి మార్కులు వేసితిని.

కావున ఈసారి నేను మనుమని పక్షమే వహించితిని. నా కుమారుని మాటను తేలికగా త్రోసివేయజాలను; కష్టార్జితపు సొమ్ము. కాని పిల్లవాడు మొదట సూచనలను తుదివరకు పాటించెను. ఏ ముక్క యెందులకున్నదో తెలిసినపిమ్మటనే కత్తి పట్టెను. కట్టకమునుపే కోసియుండినచో నేనును కోపింతును.

ఇక వదులైన కీలు. కీలు మొనపై క్షణములో అంటుకొను జిగురును పలుచగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి తొడిగినచో, మొన కొంచెము లావై పట్టు వచ్చును. ఆరకముందే తొడిగినచో కీలు శాశ్వతముగా బిగిసిపోవును. ఆ రాత్రి గడియారము చూచుచు ప్రక్కన కూర్చుండినది తండ్రియే.

ఇప్పుడు బొమ్మ మోకరిల్లుచున్నది. మోకాలికిని బల్లకును నడుమ ఇంకను బియ్యపుగింజ పట్టునంత సందు కలదు. మనుమడు గరుకు కాగితమును వెదకుచున్నాడు.