ఊరికే వచ్చే పనిముట్లు

కొత్త కాపురం పెట్టినవాళ్లకు మంచమూ బీరువా కుదుర్చుకోవడం కష్టం కాదు. చాటా, చీపురూ, కత్తిపీటా సమకూర్చుకునేసరికే తలప్రాణం తోకకొస్తుంది. కంప్యూటరు సంగతీ అంతే. పెద్ద సామాను అమ్మినవాడే అమర్చి పంపుతాడు. మూటగట్టి వచ్చిన ఫైళ్లు విప్పేందుకు ఒకటి, పి.డి.ఎఫ్.లు చదివేందుకు ఒకటి, వీడియో పాఠాలు చూసేందుకు ఒకటి, ఎక్కడో దాచి మరచిన కాగితం వెదికిపెట్టేందుకు ఒకటి — ఈ చిల్లర ప్రోగ్రాములు మాత్రం మనమే చూసుకోవాలి. వాటిలో చాలా భాగం ఊరికే వస్తాయి. చిక్కంతా అందులోనే వున్నది సుమండీ.

మా చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ వున్నది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో అది నిండి వుంటుంది. అక్కణ్ణుంచి అశోక్‌నగర్ వేపు నడిస్తే అడుగడుగునా కోచింగు బోర్డులు, వాటి చుట్టూ అద్దె గదులు. గదికి ముగ్గురు, ముగ్గురికీ కలిపి ఒక పాత ల్యాప్‌టాప్. మొన్న అలాంటిదొకటి నా దగ్గరికి వచ్చింది, “మస్తు స్లో అయింది సార్, జర చూడండి” అంటూ. చూద్దును గదా, కంప్యూటరును శుభ్రం చేస్తామనే ప్రోగ్రాములు మూడు, వైరస్‌ను పట్టేవి రెండు, వేగం పెంచుతాననేది ఒకటి! ఇల్లు ఊడవడానికి ముగ్గురు, కాపలాకు ఇద్దరు. వాళ్లంతా బైఠాయించగా ఇంటివాళ్లకు కాలు చాపుకునే చోటు లేదు.

“అన్నీ ఫ్రీయే కద సార్, పోయేదేమున్నది?” అన్నాడు కుర్రవాడు.

పోయేదేమిటో వేళ్లమీద లెక్కపెట్టి చెప్పాను. హాల్ టికెట్టు, పదో తరగతి మొదలు డిగ్రీ దాకా సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు, వాళ్ల నాన్న బ్యాంకు ఖాతా, రెండేళ్లుగా టైపు చేసుకున్న నోట్సు — అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే వున్నాయి. మనం లోపలికి రానిచ్చిన ప్రోగ్రాము ఆ పెట్టె మూత తీయలేదనుకోవడం మన అమాయకత్వం. కుర్రవాడి ముఖాన నవ్వు మాయమైంది.

ఊరికే ఇచ్చేవాళ్లంతా దొంగలని కాదు. వి.ఎల్.సి. ప్లేయరు 1996లో పారిస్‌లో ఒక కళాశాల విద్యార్థులు తలపెట్టిన పనిలోంచి పుట్టింది; ఇప్పటికీ అందులో ఒక్క ప్రకటన కనపడదు. ఫైళ్ల మూటలు విప్పే సెవెన్ జిప్‌ను ఇగోర్ పావ్లోవ్ అనే రష్యా దేశస్థుడు 1999 నుంచి లోకానికి పంచిపెడుతున్నాడు. బొమ్మలు చూసే ఇర్ఫాన్‌వ్యూ కర్త తన పేరే దానికి పెట్టుకున్నాడు. ఇంట్లో వాడుకుంటే డబ్బడగడు, వ్యాపారానికి వాడితే అడుగుతాడు. న్యాయమే గదా! వీళ్ల ఊరూ పేరూ తెలుసు, ఎందుకిస్తున్నారో తెలుసు. ఊరూ పేరూ లేనివాడు వచ్చి “మీ ఇంట్లో ఆరువందల తప్పులున్నాయి, ఊరికే దిద్దుతాను” అంటే మాత్రం తలుపు వేసుకోవాలి.

పేరున్న చోట కూడా ఒళ్లు దగ్గర పెట్టుకోవలసిందే. సోర్స్‌ఫోర్జ్ అనే పెద్ద బజారు 2013 ప్రాంతాల అడిగిన ప్రోగ్రాముతోబాటు అడగనివీ కట్టి పంపడం మొదలుపెట్టింది. బొమ్మలు దిద్దే గింప్ వారు అందుకు విసిగి ఆ ఏడే అక్కణ్ణుంచి దుకాణం ఎత్తేశారు. బజారు చేతులు మారాక, 2016లో ఆ పద్ధతి మానుకున్నారు. సీక్లీనర్ కథ ఇంకా విచిత్రం. 2017లో దాని సొంత ఇంటినుంచే, సొంత ముద్రతోనే, విషం కలిసిన ప్రతి ఒకటి దాదాపు నెలరోజులపాటు బయటికి పోయింది. 22 లక్షల 70 వేల కంప్యూటర్లలో చేరిందని తరువాత లెక్క తేలింది. ఊడవడానికి వచ్చిన చీపురే చెత్త మోసుకొచ్చిందన్నమాట! అంచేత నేను ముందుగా అడిగేది “ఏది మంచిది?” అని కాదు, “ఇది లేకపోతే గడవదా?” అని.

గడవదంటే, తయారుచేసినవారి గుమ్మంలోకే వెళ్లి తెచ్చుకోవాలి. 2022లో మన దేశంలో వి.ఎల్.సి. వారి వెబ్‌సైటును కొన్ని నెలలు నిలిపివేశారు. నవంబరులో మళ్లీ తెరిచారు. అలాంటప్పుడే పక్కదారుల వ్యాపారులకు పండుగ. పచ్చగా, పెద్దగా కనిపించే డౌన్‌లోడ్ బొత్తాము చాలాచోట్ల ప్రకటనే; అసలుది మూల నక్కి వుంటుంది. ఎక్కించుకునేటప్పుడు “నెక్స్ట్, నెక్స్ట్” అంటూ గంగిరెద్దులా తల ఊపుకుంటూ పోతే, అడగని చుట్టాలు నలుగురు దిగుతారు. ఎక్కించే పనే లేకుండా నడిచేవి దొరికితే మరీ సుఖం. సుమత్రా అనే పి.డి.ఎఫ్. రీడరు అలాగ కూడా దొరుకుతుంది. నచ్చకపోతే ఆ ఒక్క ఫైలూ తీసి పారెయ్యవచ్చు.

ఆ ల్యాప్‌టాప్‌లో తాళం పగలగొట్టిన ఆఫీసు ప్రోగ్రాము కూడా వున్నది. దాన్ని ఉచితమనకూడదు. దాన్ని నడిపించాలంటే ముందు కాపలావాణ్ణి నిద్రపుచ్చమంటారు. దొంగకు అంతకంటె ఏం కావాలి? దాన్ని తీసి లిబ్రేఆఫీస్ పెట్టాను. ఊడిచేవాళ్లను సాగనంపాను. వైరస్ కాపలాకు విండోస్‌తో వచ్చినదే చాలన్నాను.

ఇంట్లో వున్నవి చూసుకోకుండా బయట వెదకడం మనవాళ్లలో మరీ ఎక్కువ. తెలుగు టైపు చేయడానికని నారాయణగూడ దుకాణాల చుట్టూ తిరిగి, ఎవరో పెన్‌డ్రైవులో పోసిన ప్రోగ్రాములు తెచ్చుకుంటారు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్టు కీబోర్డు ఎక్స్‌.పి. నాటినుంచీ వున్నది. ఉచ్చారణనుబట్టి కొట్టే తెలుగు కీబోర్డు 2019లో చేర్చారు. లిపి అందంగా వుండాలంటే దేశికాచారిగారి పోతన, వేమన ఫాంట్లు వున్నాయి. ఆయన ఊరికే ఇచ్చారు.

తెలుగు మాధ్యమంలో వ్రాసేవాళ్లు ఇంకొక్కటి చూసుకోవాలి. పరీక్ష ముందు రాత్రి వందల పేజీల నోట్సులో ఒక్క మాట కావలసి వస్తుంది. కంట్రోలు, ఎఫ్ నొక్కి “రాజ్యాంగం” అని తెలుగులో కొట్టి చూడండి. దొరికితే సరే. కళ్లెదుట వున్నా దొరకలేదంటే, అది పాతకాలపు ఫాంటులో కొట్టినదై వుండవచ్చు. కంప్యూటరుకు అది తెలుగని తెలియదు. దాన్ని యూనికోడ్‌లోకి ఇప్పుడే మార్పించుకోండి. మార్చే సాధనాలూ ఊరికే దొరుకుతున్నాయి. మార్చిన తరువాత ఒత్తులు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి.