నవీకరణ మెవరి చేతిలో నుండవలెను?

2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టువారు విండోసు 10కి ఉచితముగా నిచ్చుచుండిన సామాన్య రక్షణ సేవను నిలిపివేసిరి. క్రొత్త విండోసును మోయజాలని పాత కంప్యూటర్లు మన గ్రామములలో నెన్ని గలవో చూచినవారికి దీని యర్థము బోధపడును. కోటవురట్ల వంటి మండల కేంద్రమున నొక బడికో, పఠనమందిరమునకో క్రొత్త యంత్రమును గొనుట సులభకార్యము కాదు. కావున లినక్సును స్వీకరింపుడని చెప్పువారి మాట యుక్తమే. కాని యే లినక్సు? వేగమును, అందమును విచారించువారే గాని, తరచుగ వచ్చు మరమ్మతులను యజమానికి తెలిపి చేయించు సాధన మెట్టిదని యడుగువా రరుదు. మా దృష్టిలో నదియే ముఖ్యము.

ఉబుంటులో రక్షణకు సంబంధించిన మరమ్మతులు మన మడుగకయే లోలోపల జరిగిపోవును. తక్కినవానికి మాత్ర మొక పట్టిక తెరపైకి వచ్చును. స్నాపులను పొట్లములు దినమునకు నాలుగు పర్యాయములు తమంతట తామే క్రొత్త కూర్పులకై వెదకుకొనును. సెల్‌ఫోను డేటాపై నడచు చోట నిది చిన్న విషయము కాదు. ఫెడోరావారు మరమ్మతులను ముందుగా దింపి, యంత్రమును మరల ప్రారంభించునపుడు ఎక్కింతురు. నడచుచున్న ప్రోగ్రాము క్రింది ఫైళ్లను మార్చినచో చిక్కులు వచ్చునను వారి భయము సహేతుకమే. అయినను అర్జీ నింపుకొనుటకు వచ్చి నిలుచున్నవాని కా నిరీక్షణము శిక్ష. ఓపెన్‌సూసేలో సాధారణపు టేర్పాటున మార్పునకు ముందును వెనుకను యంత్రస్థితి దాచబడును. చెడినచో పాత స్థితికి మరలవచ్చును.

ఉబుంటునుండియే పుట్టిన మింటు సాధనము మాకు మిక్కిలి నచ్చినది. తెర మూలనున్న డాలు గుర్తును నొక్కినచో, ప్రతి మరమ్మతును రక్షణకా, ప్రోగ్రామునకా, కెర్నెలునకా యని వేఱుచేసి పరిమాణముతో చూపును. వలదన్నదానిని ప్రక్కకు నెట్టవచ్చును. టైంషిఫ్టుతో పూర్వస్థితిని దాచుకొనుమని హెచ్చరించును. యజమానిని యజమానిగా చూచుట యిట్టిది.

అయితే యీ మర్యాదకు మూల్యము లేకపోలేదు. కాలము తీరిన 17వ శ్రేణినే పట్టుకొని, మరమ్మతులు చేసికొననివారు పెక్కుమంది గలరని మింటు నిర్మాతలే 2021లో బహిరంగముగ వాపోయిరి. సోమరితనమే దీనికి కారణమని మేమనము. పట్టిక ప్రక్కనుండు మార్పుల వివరము ఏ లినక్సున చూచినను ఇంగ్లీషుననే యున్నది. మీటలు తెలుగైన చోటను, మీట నేల నొక్కవలెనో చెప్పు మాటలు తెలుగు కాలేదు. అర్థము గాని కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు జంకువానిని నిందించుట యెట్లు?

2005లో వెలువడిన స్వేచ్ఛ యను తెలుగు లినక్సు మన భాషలో యంత్రము నడచునని చూపినది. ఆ కృషి మీటలకడ నాగరాదు. వివరముల నన్నిటిని అనువదింప నక్కరలేదు. అది యెవరి వల్లను కాదు. మింటు హెచ్చరికలకు తెలుగు మాటలను లాంచ్‌ప్యాడులో నెవరైనను సూచింపవచ్చును. అనకాపల్లి, నర్సీపట్నముల విద్యార్థులు పదిమంది కూడినచో నది వేసవి సెలవుల పని. రక్షణ మరమ్మతులకు మాత్రము, ఇది దేనికి, చేయకున్న నేమగును, ఎన్ని మెగాబైట్లు, యంత్రము నాపి నడుపవలెనా యని రెండు వాక్యములు తెలుగున వ్రాసి పఠనమందిరపు గోడపై నంటించినను చాలును. అంతవరకు నిర్వాహకుడు వారమున కొకనాడు పాఠకులు రాకమునుపే వచ్చి, టైంషిఫ్టుతో పూర్వస్థితిని దాచి, డాలు గుర్తును తానే నొక్కవలసియుండును.