భార్య కోసం వేసిన అమెరికా పిటిషన్ తిరస్కరించారా? ముందు ఆ లేఖ చదవండి.. అప్పీలుకు గడువు 30 రోజులే

ఒక జంటను ఊహించుకోండి. అబ్బాయిది, అమ్మాయిది రంపచోడవరం ఏజెన్సీలోని కొండరెడ్డి కుటుంబాలే. కులపెద్దల సమక్షంలో ఆచారం ప్రకారం పెళ్లయింది. అబ్బాయికి అమెరికా గ్రీన్ కార్డు ఉంది. భార్య కోసం ఐ-130 పిటిషన్ వేశాడు. పెళ్లి ఫొటోలు, పెద్దమనుషుల లేఖ జత చేశాడు. మ్యారేజ్ సర్టిఫికెట్ మాత్రం లేదు. కొన్నాళ్లకు తిరస్కరణ లేఖ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆ లేఖలో కారణం ఏం రాశారో చూడండి. ఆధారాలు చాలలేదన్నారా, పెళ్లే చెల్లదన్నారా, లేక మోసపు పెళ్లి అన్నారా? ఈ మూడింటికీ దారులు వేరు.

ఐ-130 తిరస్కరిస్తే అమెరికా ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డుకు వెళ్లొచ్చు. ఈఓఐఆర్-29 ఫారం నింపి, నిర్ణయం ఇచ్చిన యూఎస్‌సీఐఎస్ కార్యాలయానికే పంపాలి. గడువు 30 రోజులు. లేఖ పోస్టులో వస్తే ఇంకో 3 రోజులు కలుస్తాయి. అప్పీలు చేసే హక్కు పిటిషన్ వేసిన వ్యక్తిదే, ఇక్కడున్న భార్యకు లేదు. ఐ-290బి ఫారంతో కేసు మళ్లీ తెరవాలని అదే కార్యాలయాన్ని కోరడం ఇంకో దారి.

సర్టిఫికెట్ లేకే కేసు పోయి ఉంటే, అప్పీలు కన్నా కొత్త పిటిషనే నయం అనిపిస్తుంది. ముందే అడిగినా ఇవ్వని కాగితాన్ని బోర్డు సాధారణంగా అప్పీలులో పట్టించుకోదు. అయితే గ్రీన్ కార్డుదారులకు ఇందులో ఒక నష్టం ఉంది. కొత్త పిటిషన్‌తో క్యూలో పాత తేదీ పోతుంది. భర్త అమెరికా పౌరుడైతే ఆ క్యూ ఉండదు.

ఇక అసలు చిక్కు మన దగ్గరే ఉంది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. అందుకే మైదాన ప్రాంతపు జంటలు తెచ్చుకునే సర్టిఫికెట్ దారి ఇక్కడ సాఫీగా సాగదు. అలాగని పెళ్లి చెల్లనట్టు కాదు. జరిగిన చోట ఆచారం ప్రకారం చెల్లే పెళ్లిని అమెరికా కూడా సాధారణంగా ఒప్పుకుంటుంది. ఆ ఆచారం ఏమిటో రుజువు చేయాల్సిన బాధ్యత మాత్రం మీదే.

ఏ మతమైనా, ఏ ఆచారమైనా పెళ్లిని నమోదు చేయించాలని 2002 నాటి ఆంధ్రప్రదేశ్ వివాహాల తప్పనిసరి నమోదు చట్టం చెబుతోంది. ముందు ఆ దారి చూడండి. రెండోది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం, సెక్షన్ 15. ఆచారం ప్రకారం ఎప్పుడో జరిగిన పెళ్లిని కూడా దీని కింద నమోదు చేస్తారు. కానీ ఇద్దరికీ 21 ఏళ్లు నిండాలి. దరఖాస్తుకు ముందు 30 రోజులు అదే జిల్లాలో ఉండాలి. తర్వాత అభ్యంతరాల కోసం మరో 30 రోజులు నోటీసు పెడతారు. అంటే అమెరికాలో ఉద్యోగం చేసే భర్త వారం సెలవు పెట్టుకుని వస్తే పని కాదు.

సర్టిఫికెట్ దొరకనే దొరకదని చూపించగలిగితే ఇతర రికార్డులు ఇవ్వొచ్చు. అవీ లేకపోతే, పెళ్లి గురించి స్వయంగా తెలిసిన ఇద్దరి ప్రమాణ పత్రాలు. ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకూడదు.

'గుళ్లో పెళ్లయినట్టు ఒక రసీదు తెచ్చేద్దాం' అని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అబద్ధపు పత్రం బయటపడితే భార్యకు జీవితాంతం ప్రవేశ నిషేధం పడొచ్చు. దాన్ని దాటాలంటే ఐ-601 మినహాయింపు కోరి, అక్కడున్న భర్తకు తీవ్ర కష్టం కలుగుతుందని నిరూపించాలి. మోసపు పెళ్లి అని తేల్చేస్తే ఇంకా దారుణం. తర్వాత ఎవరు పిటిషన్ వేసినా ఆమోదించరు. అలాంటి మాట లేఖలో ఉంటే గడువు దాటకుండా సవాలు చేయాల్సిందే.

పిటిషన్ ఆమోదం పొందాక ముంబై కాన్సులేట్‌లో వీసా ఆగిందా? 221(జి) కింద అయితే అడిగిన పత్రాలు ఏడాదిలోపు ఇవ్వండి. కాన్సులేట్ నిర్ణయంపై అప్పీలు లేదు. కోర్టు దారి కూడా ఇరుకే. భర్తకో భార్యకో వీసా రాలేదని అమెరికా పౌరులు రాజ్యాంగ హక్కు కింద ప్రశ్నించలేరని 2024 జూన్ 21న మున్యోజ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

భార్య ఇప్పటికే అమెరికాలో ఉండి ఐ-485 పోయిందా? ఆమెకు వేరే చట్టబద్ధ హోదా లేకపోతే బహిష్కరణ కేసు నోటీసు రావొచ్చు. 2025 ఫిబ్రవరి 28 నాటి విధానంతో ఇది మరింత కఠినమైంది. అప్పుడు ఇమిగ్రేషన్ జడ్జి ముందు అదే దరఖాస్తును మళ్లీ పెట్టొచ్చు. ఈ దశలో ఏజెంట్లను కాదు, అమెరికా లైసెన్సున్న లాయర్‌ను పట్టుకోండి. తిరస్కరణ లేఖ అన్ని పేజీలూ స్కాన్ చేసి, అది వచ్చిన కవరుతో సహా పంపండి. గడువు లెక్కకు ఆ తేదీలు కావాలి.